నెంబర్లు వేసిన రాళ్ళు: డ్రెస్డెన్‌లో ఒక శని, ఆదివారాలు

గత సంచికలో ఇదే శీర్షిక కింద బాయిలర్ గొట్టాలలో కంటికి కనబడకుండా తుప్పు ఎలా పెరుగుతుందో ముచ్చటించుకున్నాము. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలలో తుప్పును గూర్చి రెండు ఉంటే, జర్మనీని గూర్చి అయిదు ఉన్నాయి! మన టౌన్‌షిప్ పిల్లలు పై చదువులకు ఆ దేశం వెళ్ళడం ఇటీవల ఎక్కువయింది. వారానికి రెండు రోజులు సెలవు దొరుకుతుందట, దగ్గరలో చూడదగిన ఊరు ఏదని తల్లిదండ్రులు అడుగుతున్నారు. మా సమాధానం ఒక్కటే: డ్రెస్డెన్. కారణం చెప్పాలంటే 1996 అక్టోబరులో మేము అయిదుగురు విద్యార్థులము కలిసి అక్కడ గడిపిన రెండు రోజుల సంగతి చెప్పాలి. పాఠకులు ఓపిక పట్టితే తుప్పు ప్రస్తావన కూడా చివరికి దానంతట అదే వస్తుంది.

అప్పటికి మేము స్కాలర్‌షిప్ మీద మాగ్దెబుర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాము. వాయుపీడనం ఎంత బలమైనదో రెండు అర్ధగోళాలను గుర్రాలతో లాగించి లోకానికి చూపిన గేరికె మేయరుగా పనిచేసిన ఊరు అది. హాస్టలులో మన దేశం వాళ్ళము నలుగురము. గుంటూరు జిల్లా నుంచి వెళ్ళిన మేము కాక, మధురై మిత్రుడు, కలకత్తా మిత్రుడు, పుణె మిత్రుడు. అయిదవవాడు మా తరగతిలోనే చదివే జర్మన్ కుర్రవాడు, పుట్టి పెరిగింది డ్రెస్డెన్‌లో. అతనికి మా వంటింటి సాంబారు మీద ఎంత ఇష్టమో, మాకు వాళ్ళ ఊరి కబుర్ల మీద అంత ఇష్టం.

విద్యార్థి జీవితంలో ప్రయాణం అంటే మొదట టికెట్టు ఖరీదు. ఆ రోజుల్లో మార్కు ఒకటికి ఇరవై మూడు, ఇరవై నాలుగు రూపాయలు. ఏది కొన్నా మనసులో గుణించుకొని చూసే అలవాటు మాకు ఉండేది. అదృష్టవశాత్తు జర్మన్ రైల్వే వారు 1995లో ‘మంచి వారాంతం’ అని అర్థం వచ్చే పేరుతో ఒక టికెట్టు ప్రవేశపెట్టారు. ఒక్క టికెట్టు మీద అయిదుగురు, శని ఆదివారాలలో దేశమంతటా ప్యాసింజరు బండ్లలో ఎంత దూరమైనా తిరగవచ్చు. మొదలుపెట్టిన కొత్తలో దాని ధర 15 మార్కులే. జనం బండ్లలో కిక్కిరిసిపోవడంతో ధర పెంచారు కానీ, పెరిగిన ధరను అయిదుగురు పంచుకున్నా చవకే. ఎక్స్‌ప్రెస్ బండ్లు ఎక్కకూడదన్నది షరతు. దానికేమి, మాకు కాలం ఉన్నది, డబ్బు లేదు.

శనివారం తెల్లవారకముందే బయలుదేరాము. మధురై మిత్రుడు నిమ్మకాయ పులిహోర, కలకత్తా మిత్రుడు ఉడికించిన బంగాళాదుంపలు మూట గట్టారు. లైప్‌జిగ్‌లో బండి మారాలి. 1915లో పూర్తయిన ఆ స్టేషను యూరప్‌లోని అతి పెద్ద స్టేషన్లలో ఒకటి. మేము వెళ్ళేనాటికి దానిని బాగుచేసే పని జోరుగా సాగుతున్నది. లైప్‌జిగ్ నుంచి డ్రెస్డెన్‌కు సుమారు 120 కిలోమీటర్లు. ఆ మార్గం 1839 ఏప్రిల్‌లో పూర్తయింది. మన బోరీబందరు – ఠాణా బండి నడవడానికి పద్నాలుగేళ్ళ ముందన్నమాట. జర్మనీలో రెండు దూరపు నగరాలను కలిపిన తొలి రైలుమార్గం అదేనని మిత్రుడు చెప్పగా, కిటికీలోనుంచి పట్టాలను కొంత గౌరవంతోనే చూశాము.

డ్రెస్డెన్‌లో దిగగానే మిత్రుడు రాజభవనాల వైపు కాక, తిన్నగా నోయ్‌మార్క్‌ట్ అనే పాత సంత మైదానానికి తీసుకువెళ్ళాడు. అక్కడ మేము చూసిన దృశ్యం ఏ టూరిస్టు పుస్తకంలోనూ ఉండేది కాదు. మన స్టోర్సు యార్డులో ఇనుప ర్యాకుల మీద విడిభాగాలు సర్దిపెట్టినట్టు, వరుసలు వరుసలుగా ర్యాకులు. వాటిమీద నల్లటి రాళ్ళు. ఒక్కొక్క రాతికి ఒక నెంబరు. పక్కన పరంజాల మధ్య లేస్తున్న గోడలు. అదే ఫ్రావెన్‌కిర్షె, అంటే మేరీమాత పేరిట వెలసిన చర్చి.

ఆ చర్చి కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. గియోర్గ్ బేర్ అనే స్థపతి రూపకల్పన మీద 1726లో మొదలై 1743లో పూర్తయింది. బేర్ మొదట వడ్రంగి. దాని ప్రత్యేకత గోపురం. గంట ఆకారంలో, ఎల్బె లోయలో దొరికే ఇసుకరాతితో కట్టినది. బరువు దాదాపు 12,000 టన్నులు. ఆ బరువునంతా లోపల ఎనిమిది స్తంభాలు, వాటి వెనుక గోడలు మోశాయి. 1760లో ప్రష్యా సైన్యం ఫిరంగులు పేలిస్తే గుండ్లు గోపురానికి తగిలి జారిపోయాయి గాని అది చలించలేదు. అంతటి దిట్టమైన కట్టడం.

1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు, మరునాడు అమెరికా విమానాలు డ్రెస్డెన్ మీద బాంబులు కురిపించాయి. నగరం నడిబొడ్డు అగ్నిగుండమయింది. చనిపోయినవారు 25,000 మంది వరకు ఉంటారని చరిత్రకారుల సంఘం 2010లో తేల్చింది. విచిత్రమేమంటే, రెండు రాత్రులు గడిచినా గోపురం నిలిచే ఉన్నది. లోపలి చెక్క సామాను అంటుకొని, ఇసుకరాతి స్తంభాలు నిప్పు కణికలలా కాలిపోయాయి. ఇంజనీర్లకు తెలిసిన సంగతే, కాలిన రాయి బలం కోల్పోతుంది. 15వ తేదీ ఉదయం పది గంటల ప్రాంతంలో స్తంభాలు లొంగిపోయాయి. 12,000 టన్నుల గోపురం తన బరువుకు తానే కూలిపోయింది.

తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా అది ఒక రాళ్ళ గుట్టగానే ఉండిపోయింది. తూర్పు జర్మనీ ప్రభుత్వం దానిని యుద్ధ స్మారకంగా వదిలివేసింది. గుట్టకు అటూ ఇటూ రెండు గోడ ముక్కలు మాత్రం మొండిగా నిలబడి ఉండేవి. రెండు జర్మనీలు ఏకం కాబోతున్న 1990 ఫిబ్రవరిలో పౌరులు కొందరు, దీనిని తిరిగి కడదాము, సాయం చేయండి అని ప్రపంచానికి విజ్ఞప్తి చేశారు. 1993 జనవరిలో రాళ్ళు తీయడం మొదలయింది.

ఇక్కడే మా అయిదుగురికీ నోట మాట రాలేదు. గుట్టను బుల్‌డోజరుతో తోసివేయలేదు. ఒక్కొక్క రాతిని ఎత్తేముందు అది గుట్టలో ఎక్కడ ఉన్నదో కొలిచి వ్రాశారు. ఫొటో తీశారు. కొలతలు తీసుకున్నారు. నెంబరు వేసి ర్యాకు మీద పెట్టారు. రాయి ఎక్కడ పడిందో తెలిస్తే, పడకముందు అది గోపురంలో ఏ భాగంలో ఉండేదో కంప్యూటరు సాయంతో లెక్కకట్టవచ్చు. ప్రమాదం జరిగిన చోట విరిగిన ముక్కలను కదపకుండా గుర్తులు వేసి, కారణం వెనక్కి లెక్కించుకుంటూ వెళ్ళడం మనకు అలవాటైన పద్ధతే. ఇక్కడ అదే పద్ధతితో ఒక గోపురాన్ని పునర్నిర్మిస్తున్నారు.

రాళ్ళతో పని తీరదు కదా. సున్నం ఏ పాళ్ళలో కలిపారు, రంగు ఏది వాడారు అన్న ప్రశ్నలకు పాత కొనుగోలు ఆర్డర్లు తిరగవేశారు. ఆ మాట వినగానే మాకు మన ఆఫీసుల్లో బీరువాల మీద దుమ్ము పట్టిన ఫైళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. పనికిరాని కాగితం అనుకొన్నది రెండు వందల ఏళ్ళ తరువాత ఎవరికి ఆధారమవుతుందో ఎవరికి తెలుసు! చెక్క తలుపుల చెక్కడం ఎలా ఉండేదో సరైన వివరం దొరకనప్పుడు, మీ ఇళ్ళల్లో ఉన్న పాత ఫొటోలు ఇవ్వండని పౌరులను అడిగారు. ఆ తలుపుల ముందు పెళ్ళి ఫొటో తీయించుకొన్న దంపతులు ఎందరో ఉన్నారు. పెళ్ళికూతుళ్ళ భుజాల వెనుక తలుపు చెక్కడం దొరికింది.

మధ్యాహ్నం, నది ఒడ్డున ఉన్న ఆల్బెర్టినుం అనే భవనంలోకి వెళ్ళాము. ఆ రోజుల్లో ‘పచ్చని నేలమాళిగ’ అని పేరుపొందిన శాక్సనీ రాజుల రత్నభాండారం అక్కడే ఉండేది. యుద్ధం ముగిశాక సోవియట్ సైన్యం దానిని మాస్కో తరలించి, 1958లో తిరిగి ఇచ్చింది. లోపల రెండు వస్తువుల ముందు మా మనదేశపు నలుగురము కదలకుండా నిలబడిపోయాము.

మొదటిది ఔరంగజేబు జన్మదిన దర్బారు. డింగ్లింగర్ అనే స్వర్ణకారుడు 1701 నుంచి 1708 వరకు శ్రమించి బంగారం, వెండి, మీనాకారీతో చేసిన బొమ్మల కొలువు. సింహాసనం మీద పాదుషా, చుట్టూ సర్దారులు, కానుకలు మోసుకొచ్చే ఏనుగులు, ఒంటెలు. దానికి పొదిగిన వజ్రాలు ఐదు వేలకు దగ్గరగా ఉంటాయి. డింగ్లింగర్ మన దేశం ఎన్నడూ చూడలేదు. యాత్రికుల గ్రంథాలు చదివి ఊహించి చేశాడు. అందువల్ల కొలువులో అక్కడక్కడ చైనా పోకడలు కూడా చొరబడ్డాయి. పుణె మిత్రుడు అదంతా చూసి, ‘మా శివాజీ మహారాజు మాత్రం ఇందులో లేడు’ అని తేల్చాడు. మేము గోల్కొండ వాళ్ళము గనుక, 1687లో ఆ పాదుషా చేతిలో మా కోట పడిపోయిన సంగతి గుర్తుచేసుకొని ఊరుకున్నాము.

రెండవది డ్రెస్డెన్ పచ్చ వజ్రం. బరువు 41 క్యారెట్లు. లేత యాపిల్ రంగు. భూగర్భంలో ఉండగా సోకిన సహజ రేడియోధార్మికత వల్ల వజ్రానికి అలాంటి ఆకుపచ్చ రంగు వస్తుంది. అంత పెద్దది, అంత నిండైన రంగుతో ఉన్నది అరుదు. శాక్సనీ పాలకుడు రెండవ ఫ్రెడరిక్ ఆగస్టస్ దానిని 18వ శతాబ్దం నడుమ లైప్‌జిగ్ సంతలో కొన్నాడు. తరువాత టోపీకి పెట్టుకునే ఆభరణంలో పొదిగించారు. అది కొల్లూరు గనిలో దొరికినదని పెక్కుమంది నిపుణుల అభిప్రాయం. మన పాఠకులు తెనాలి దగ్గరి కొల్లూరు అనుకోకూడదు. ఇది కృష్ణ ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు. 17వ శతాబ్దంలో తవెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు వచ్చి చూసి వ్రాసిన గని అదే. కోహినూరు కూడా అక్కడిదేనని చెప్పుకుంటారు. మా జిల్లా మట్టిలోనుంచి లేచిన రాయి, మేము ట్రాము టికెట్టుకు చిల్లర వెతుక్కునే ఊళ్ళో అద్దాల పెట్టెలో వెలుగుతున్నది! మధురై మిత్రుడు మా వీపు తట్టి, ‘మీ ఊరివాడు బాగానే స్థిరపడ్డాడు’ అన్నాడు. ఇప్పుడు ఆ గని ప్రాంతం పులిచింతల జలాశయం కింద నీటిలో ఉన్నది. అందువల్ల కొల్లూరును చూడాలంటే డ్రెస్డెన్ వెళ్ళి ఆ వజ్రాన్ని చూడవలసిందే.

బయటికి వచ్చాక మిత్రుడు దగ్గరలోనే ఉన్న ఒక ఖాళీ స్థలం చూపించాడు. అక్కడ ఒక రాతి స్మారకం తప్ప ఏమీ లేదు. ఒకప్పుడు గాట్‌ఫ్రీడ్ జెంపర్ నిర్మించిన యూదుల ప్రార్థనామందిరం ఉండిన చోటు అది. 1938 నవంబరు 9 రాత్రి నాజీలు దానిని తగులబెట్టారు. నోయ్‌గెబావర్ అనే అగ్నిమాపక ఉద్యోగి శిఖరం మీది నక్షత్ర చిహ్నాన్ని రహస్యంగా దాచి, యుద్ధానంతరం 1949లో యూదులకు అప్పగించాడు. ఎందుకు ఇక్కడికి తీసుకువచ్చావని అడిగాము. ‘చర్చి కథ 1945లో మొదలు పెడితే సగమే చెప్పినట్టు. మా ఊళ్ళో మంటలు మొదలైంది ఇక్కడ’ అన్నాడు. ఇరవై మూడేళ్ళ కుర్రవాడు తన ఊరి గురించి అంత నిక్కచ్చిగా మాట్లాడడం మమ్మల్ని ఆలోచింపజేసింది.

రాత్రి బస నది అవతల నోయ్‌ష్టాట్ పేటలో, మిత్రుని అమ్మమ్మగారి ఇంట. ట్రాములో కారోలా వంతెన మీదుగా ఎల్బె దాటాము. 1971లో పూర్తయిన కాంక్రీటు వంతెన అది. సన్నగా, పొడుగ్గా, అలంకారమేమీ లేకుండా ఉన్నది. పాత ఊరి గోపురాల సౌందర్యంలో మునిగి ఉన్న మేము దానివైపు సరిగా చూడనైనా లేదు.

అమ్మమ్మగారికి డెబ్బై దాటిన వయసు. మాలో ఇద్దరు శాకాహారులమని మనవడు ముందే చెప్పినట్టున్నాడు. ఉడికించిన బంగాళాదుంపలు, వడగట్టిన పెరుగు ముద్దలాంటి పదార్థం, దానిమీద అవిసె నూనె వడ్డించారు. ఆ ప్రాంతపు సామాన్యుల భోజనం అదేనట. అవిసె నూనె వాసనకు మాకు అలవాటు పడడానికి కొంతసేపు పట్టింది గాని, ఉదయం నుంచి నడిచిన ఆకలి మీద గిన్నె ఖాళీ చేశాము. మా మూటలో మిగిలిన పులిహోర రుచి చూసి, పసుపు రంగు ఎక్కడిదని అడిగి తెలుసుకున్నారు.

భోజనాలయ్యాక మనవడు అనువదిస్తుండగా ఆమె 1945 నాటి సంగతులు చెప్పారు. నది ఇవతలి ఆ పేట చాలావరకు బాంబుల నుంచి తప్పించుకున్నది. అప్పటికి ఆమె పెళ్ళికాని యువతి. నది అవతల ఆకాశం ఎర్రగా ఉండడం, కాగితపు బూడిద గాలిలో తేలి వచ్చి కిటికీల మీద వాలడం చూశారట. మరునాడు పొగలోనుంచి గోపురం కనబడగానే, అది ఉన్నది గనుక ఊరు ఉన్నదని ఇరుగుపొరుగు ఒకరికొకరు చెప్పుకున్నారట. ఆ మరునాడు చూస్తే గోపురం ఉండవలసిన చోట ఆకాశం మాత్రమే ఉన్నదని చెప్పి ఆమె కాసేపు మాట్లాడలేదు. మళ్ళీ కట్టడం గురించి ఆమె అభిప్రాయం అడిగాము. అంత డబ్బు రాళ్ళకు పెట్టడం తనకు మొదట నచ్చలేదనీ, ఇప్పుడు మాత్రం ప్రతి నెలా పింఛనులోనుంచి కొద్దిగా పంపుతున్నాననీ చెప్పారు. పూర్తయ్యేదాకా ఉంటారా అని అడిగే ధైర్యం మాకు లేకపోయింది. ఆమే గ్రహించి, పూర్తి కావడం ముఖ్యం గాని తాను చూడడం ముఖ్యం కాదన్నారు.

ఆదివారం ఉదయం ఎల్బె గట్టున పచ్చిక మీదుగా ‘నీలి అద్భుతం’ అని జనం పిలుచుకునే ఉక్కు వంతెన దాకా నడిచాము. 1893లో నదిలో ఒక్క స్తంభమైనా లేకుండా ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టారు గనుక అద్భుతం. లేత నీలి రంగు వేశారు గనుక నీలి. యుద్ధం చివరి రోజుల్లో, 1945 మే నెలలో, దీనిని పేల్చివేయడానికి మందుగుండు అమర్చితే, స్థానికులు ప్రాణాలకు తెగించి తీగలు కత్తిరించి కాపాడారు. యుద్ధంలో నగరంలోని తక్కిన పాత వంతెనలు దెబ్బతిన్నా ఇది మిగిలింది. దాని రివెట్లను చేతితో తడిమి చూసిన మమ్మల్ని దారినపోయే వారు వింతగా చూశారు. సాయంకాలం మళ్ళీ ప్యాసింజరు బండి. లైప్‌జిగ్ దాటేసరికి అందరమూ నిద్రలో ఉన్నాము.

చదువు ముగించి స్వదేశం వచ్చి ఉద్యోగంలో చేరాము. మిత్రుని ఉత్తరాల ద్వారా ఆ ఊరి సమాచారం తెలుస్తూనే ఉండేది. ఫ్రావెన్‌కిర్షె 2005 అక్టోబరు 30న ప్రారంభమయింది. ఖర్చు సుమారు 18 కోట్ల యూరోలు. అందులో 10 కోట్లకు పైగా ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన విరాళాలే. 1999లో నోబెల్ బహుమతి పొందిన గుంటర్ బ్లోబెల్ తన బహుమతి సొమ్మును ఈ ఊరికి ఇచ్చివేశాడు. శిఖరం మీది బంగారు శిలువను తయారుచేసిన లండన్ స్వర్ణకారుడు ఆలన్ స్మిత్. అతని తండ్రి డ్రెస్డెన్ మీద బాంబులు వేసిన విమానాలలో పనిచేసినవాడు. పాత గోడరాళ్ళు మూడున్నర వేలకు పైగా తమ స్థానానికి తిరిగి చేరాయి. ఇసుకరాయి కాలం గడిచేకొద్దీ నల్లబడుతుంది గనుక, కొత్త లేతరంగు గోడలో పాత రాళ్ళు నల్లని చుక్కల్లా విడివిడిగా కనబడతాయి. నిర్మాతలు ఆ తేడాను దాచడానికి ప్రయత్నించలేదు. ప్రారంభోత్సవానికి మూడేళ్ళ ముందే అమ్మమ్మగారు కన్నుమూశారని మిత్రుడు వ్రాశాడు. నెలనెలా పంపిన పింఛను డబ్బు తాలూకు రసీదులను ఆమె ఒక డబ్బాలో వరుసగా దాచారట.

ఇక తుప్పు సంగతి. 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో కారోలా వంతెనలో సుమారు వంద మీటర్ల భాగం నదిలో కూలిపోయింది. నాడు మేము చూడకుండానే దాటిన వంతెన అదే. ఆ రాత్రి ఆఖరి ట్రాము దాటిపోయిన కొద్ది నిమిషాలకే ఈ ఘటన జరిగింది. ఒక్క ప్రాణానికైనా హాని లేకపోవడం దైవాధీనం.

కారణం మన కుటుంబ పాఠకులకు కూడా అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నం చేస్తాము. పది పుస్తకాలను పక్కపక్కన నిలబెట్టి, రెండు చివరలా అరచేతులతో గట్టిగా నొక్కితే, వరుస మొత్తాన్ని గాలిలోకి ఎత్తవచ్చు. పట్టు సడలితే పుస్తకాలన్నీ జారిపోతాయి. ఆ తరహా కాంక్రీటు వంతెనలలో అరచేతుల పనిని, లోపల వీణ తీగల్లా లాగి బిగించిన ఉక్కు తీగలు చేస్తాయి. నిర్మాణం జరుగుతున్నప్పుడే తీగలకు తేమ సోకి, హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి, దానిని పెళుసుగా మార్చిందని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్టెఫెన్ మార్క్స్ నాయకత్వంలో జరిగిన విచారణ తేల్చింది. పైన వాహనాల రాకపోకలతో ఉక్కు అలసింది. 53 ఏళ్ళపాటు తీగలు ఒక్కొక్కటిగా లోపల తెగుతూ వచ్చాయి. పైకి కాంక్రీటు నిక్షేపంగా ఉన్నది. మామూలు తనిఖీలో ఇది బయటపడే అవకాశం లేదన్నారు. మిగిలిన భాగాలకు తీగ తెగిన చప్పుడును పట్టుకునే పరికరాలు అమర్చారు. చివరకు 2025లో వాటిని కూడా కూల్చివేశారు. ఆ శిథిలాలు తొలగించే పనిలో యుద్ధకాలం నాటి పేలని బాంబు దొరికి, 2025 ఆగస్టులో దాదాపు 17,000 మందిని ఇళ్ళు ఖాళీ చేయించవలసి వచ్చింది. బాంబు వేసి 80 సంవత్సరాలు!

ఒక్క చూపులో పడే దూరంలో ఉన్న ఈ రెండు కట్టడాలను పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచే మాట ఇది. కూలిపోయిందని లోకమంతా ఎరిగిన చర్చికి విరాళాలు వచ్చాయి, నెంబర్లు పడ్డాయి, వందల మంది నిపుణులు రాయి రాయినీ పరీక్షించారు. నిలబడే ఉన్న వంతెన గురించి ఎవరూ చందాలు ఎత్తలేదు. ప్రతిరోజూ పనిచేసే దానిమీద మనిషి దృష్టి నిలవదు. ఇది డ్రెస్డెన్ వారి లోపం మాత్రమే కాదు. మన ప్లాంటులో కొత్త యూనిట్ ప్రారంభానికి షామియానాలు వేస్తాము. ముప్పై ఏళ్ళుగా చప్పుడు చేయకుండా తిరుగుతున్న పంపు ఫౌండేషను బోల్టును బిగించిన ఫిట్టరుకు ఎవరూ దండ వేయరు. రికార్డు పుస్తకంలో రీడింగు వ్రాసే ఆపరేటరు, తన అంకెలు ఎవరు చదువుతారులే అనుకోవచ్చు. పెళ్ళి ఫొటోలోనుంచి తలుపు లేచి వచ్చినట్టు, ఆ అంకెలలోనుంచే రేపు ఒక ప్రమాదానికి కారణమో, నివారణో దొరుకుతుంది. కంటికి కనబడని చోట తీగ తెగే చప్పుడు వినాలంటే, ముందు వినే అలవాటు ఉండాలి.

జర్మనీ వెళ్ళే పిల్లలకు కొన్ని ఉపయోగకరమైన సంగతులు. మేము ప్రయాణించిన వారాంతపు టికెట్టును 2019 జూన్‌లో రద్దు చేశారు. 2023 మే నెలలో ‘జర్మనీ టికెట్టు’ వచ్చింది. నెలకు 49 యూరోలతో మొదలై 2025 జనవరి నుంచి 58 అయింది. 2026 జనవరి నుంచి 63గా నిర్ణయించారు. దేశమంతటా ప్యాసింజరు బండ్లు, సిటీ బస్సులు, ట్రాములు ఎక్కవచ్చు. ఎక్స్‌ప్రెస్ బండ్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ పనికిరావు. పచ్చ వజ్రం 2004 నుంచి రాజప్రాసాదంలో ఉన్నది. 2019 నవంబరులో ఆ ప్రాసాదంలో పెద్ద దొంగతనం జరిగినప్పుడు అది న్యూయార్కులో ప్రదర్శనకు వెళ్ళి ఉండడం వల్ల తప్పించుకున్నది. యూదుల ప్రార్థనామందిరం 2001లో అదే చోట కొత్తగా వెలసింది. నాటి నక్షత్ర చిహ్నం ఇప్పుడు దాని ద్వారం పైన ఉన్నది.

వీలయితే ఒంటరిగా కాక, నలుగురు మిత్రులతో కలిసి వెళ్ళండి. వారిలో ఒక్కరైనా ఆ ఊరివారు ఉంటే మరీ మంచిది. చర్చి ముందు ఫొటో తీసుకోండి, తప్పులేదు. ఒక నల్ల రాయి దగ్గర నిలబడి, అది గుట్టలో ఎక్కడ పడి ఉండేదో ఒకసారి ఊహించండి. ఆపైన నది వైపు నడిచి, వంతెన లేని చోటును కూడా చూడండి. తెలుగు పిల్లలు మరి నాలుగడుగులు వేసి, కొల్లూరు వజ్రాన్ని కూడా పలకరించి రండి.

వచ్చే సంచికలో, శబ్దం ద్వారా లోహంలోని పగులును కనిపెట్టే పద్ధతులను మన వర్క్‌షాపు ఉదాహరణలతో పరిచయం చేస్తాము.